జాగ్వార్ ఈ-టైప్ సిరీస్ 1: కొనేముందు వెనక్కి వెళ్లి కిందకి దూరి చూడండి

ఈ-టైప్ అనగానే అందరి కళ్లూ ఆ పొడుగాటి బానెట్ మీదే ఉంటాయి. 1961 మార్చిలో జెనీవాలో బయటపెట్టిన నాటి నుంచీ అంతే. కానీ ఈ కారు గొప్పతనమూ, దీనితో పడే అవస్థా రెండూ వెనక చక్రాల మధ్య ఉన్న ఒక ఉక్కు చట్రంలోనే ఉన్నాయి.

డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె), బ్రేకులు, నాలుగు స్ప్రింగ్-షాక్ అబ్జార్బర్ జతలు అన్నీ ఆ చట్రంలోనే బిగించి, దాన్ని నాలుగు రబ్బరు మౌంట్ల మీద బాడీకి తగిలించారు. వెనక డిస్కులు చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్‌ని ఆనుకుని ఉంటాయి. దాంతో చక్రంతో పాటు ఎగిరే బరువు తగ్గి, గతుకుల రోడ్డు మీద కూడా టైరు నేలని వదలదు. యాక్సిల్ షాఫ్టే పై లింకుగా కూడా పనిచేస్తుంది. అప్పట్లో ఇంత ఖరీదులో ఇలాంటి సస్పెన్షన్ ఇవ్వడం నిజంగా గొప్ప విషయం.

ఇక అవస్థ. బ్రేకు వేడంతా పక్కనే ఉన్న డిఫరెన్షియల్ ఆయిల్ సీళ్లకి తగులుతుంది. సీలు గట్టిపడి కారడం మొదలైతే ఆయిల్ నేరుగా డిస్కు మీదా, ప్యాడ్ల మీదా పడుతుంది. టార్చి వేసి చట్రం లోపలి గోడలు చూడండి. డిస్కు తిరిగే వరుసలో ఆయిల్ చిమ్మిన గీత కనబడితే సీలు పోయినట్టే. ఆ చిన్న సీలు కోసం మొత్తం చట్రాన్ని దించాలి. బాడీని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, సైలెన్సర్ పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, బ్రేకు గొట్టం, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు, యాంటీ-రోల్ బార్ లింకులు, రేడియస్ ఆర్మ్‌ల (వెనక చక్రాల్ని ముందువైపు బాడీకి కలిపే కడ్డీల) ముందు చివరలు విప్పాలి. చట్రం కింద ట్రాలీ జాకీ ఆనించాకే రబ్బరు మౌంట్లు విప్పాలి. ఎలాగూ దించాం కాబట్టి సీళ్లతో పాటు డిస్కులు, యూనివర్సల్ జాయింట్లు, హ్యాండ్‌బ్రేక్ ప్యాడ్లు, మౌంట్లు అన్నీ ఒకేసారి మార్చేయడం తెలివైన పని. షాఫ్ట్ ఫ్లాంజ్ దగ్గర ఉండే షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి లోహపు బిళ్లలు) పారేయకండి. చక్రం క్యాంబర్, అంటే నిలువుగా కాకుండా ఎంత ఒరిగి ఉందన్నది, సరిచేసేది వాటితోనే.

రేడియస్ ఆర్మ్‌లు బాడీకి తగిలేచోట తుప్పుంటే మాత్రం బేరం అక్కడే ఆపేయండి. వెనక చక్రాల తోపంతా ఆ రేకు మీదే పడుతుంది.

ఈ ఆకారం గీసిన మాల్కమ్ సేయర్ బ్రిస్టల్ విమానాల కంపెనీ నుంచి వచ్చిన ఏరోడైనమిక్స్ ఇంజినీరు. వంపుల్ని లెక్కలు కట్టి తేల్చేవాడు. లె మాన్స్ 24 గంటల రేసులో 1955, 1956, 1957 వరసగా గెలిచిన జాగ్వార్ రేసు కారు డి-టైప్ పద్ధతిలోనే దీన్నీ కట్టారు: ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) నుంచి వెనక్కి రేకు పెట్టె, ముందుకి చదరపు గొట్టాల ఫ్రేమ్. ఫ్రేమ్ బోల్టులతో ఊడివస్తుంది కాబట్టి దెబ్బ తగిలితే మార్చుకోవచ్చు. కానీ గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, పైన పెయింటు మాత్రం నున్నగా ఉంటుంది. అసలు అతుకులు బ్రేజింగ్‌వి, అంటే ఇత్తడి లాంటి లోహం కరిగించి అతికినవి. వాటి మీద వెల్డింగ్ ముక్కలు కనబడితే ఫ్రేమ్ ఖర్చు కూడా బేరంలో కలుపుకోండి.

ఇంజిన్‌కి ఏ లోటూ లేదు. మొదటి కార్లలో 3781 సీసీ (అదే 3.8 లీటర్లు), ఆరు సిలిండర్లు, ఏడు మెయిన్ బేరింగులు, మూడు ఎస్‌యూ కార్బురేటర్లు. కంపెనీ చెప్పిన 265 హార్స్‌పవర్ మాత్రం ఉదారంగా కొలిచిన లెక్క. వాల్వు గ్యాప్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కి 0.004 అంగుళం, ఎగ్జాస్ట్‌కి 0.006. టాపెట్ (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే గిన్నె లాంటి ముక్క) కింది షిమ్‌ల మీద అక్షరాలుంటాయి, అక్షరానికి 0.001 అంగుళం తేడా. ఎగ్జాస్ట్ గ్యాప్ 0.004 వచ్చి, కింద ఎఫ్ షిమ్ ఉంటే, రెండక్షరాలు వెనక్కొచ్చి డి వేయాలి. హెడ్ మీద క్యామ్‌షాఫ్ట్‌లని విడివిడిగా తిప్పకూడదు, ఇన్‌లెట్ వాల్వూ ఎగ్జాస్ట్ వాల్వూ ఒకదాన్నొకటి కొట్టుకుని వంగిపోతాయి. ఎగ్జాస్ట్ వైపు టాపెట్ గైడ్ వదులై పైకి లేచి క్యామ్‌కి తగలడం కూడా ఈ ఇంజిన్లకి ఉన్న జబ్బే. గైడ్‌ని నొక్కిపట్టే ప్లేట్లు దొరుకుతాయి, తప్పక వేయించండి.

ట్రాఫిక్‌లో వేడెక్కుతుంటే వెంటనే కొత్త రేడియేటర్ కొనకండి. ముందు ఫ్యాన్ స్విచ్ చూడండి, తర్వాత బ్లాక్ వెనక భాగంలో సిలిండర్ల చుట్టూ పేరుకున్న మడ్డి కడిగించండి. క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి బయటికి తీయాలి, కాబట్టి టెస్ట్ డ్రైవ్‌లో క్లచ్ జారుతోందేమో గట్టిగా పరీక్షించండి.

3.8లో ఫస్ట్ గేరుకి సింక్రో (గేరు గరగరలాడకుండా పడేలా చేసే ఏర్పాటు) లేదు, గేర్లు నిదానంగా పడతాయి, బ్రేకు సర్వో (పెడల్ నొక్కుడికి బలం కలిపే పరికరం) బలహీనం. 1964 అక్టోబరులో వచ్చిన 4.2 లీటర్ల ఇంజిన్ కారులో గేర్లన్నిటికీ సింక్రో, మెరుగైన సర్వో, ఒళ్లు నొప్పి పుట్టించని సీట్లు, డైనమో బదులు ఆల్టర్నేటర్ ఉన్నాయి. 3.8 ఇంజిన్ ఇంకాస్త హుషారుగా తిరుగుతుందన్నది నిజమే. అయినా దూరాలు నడపడానికైతే మా ఓటు 4.2కే. షోరూములో నిలబెట్టి చూసుకోవడానికైతే 1962 ఆరంభం దాకా వచ్చిన ఫ్లాట్ ఫ్లోర్ 3.8 కొనుక్కోవచ్చు, కానీ అందులో మడమలు ఆనించుకునే గుంట లేదు. పొడవైనవాళ్లు కూర్చుని చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.