నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా: వాచీ భేష్, డయల్ మాత్రం మార్చనివ్వకండి

ఇంట్లో పెద్దవాళ్ళ హెచ్‌ఎంటీ వాచీ బీరువాలో పడి ఉంటే ఈ రివ్యూ మీకోసమే. నా చేతికొచ్చింది నాన్నగారి జనతా. కీ ఇచ్చే వాచీ, బ్యాటరీ లేదు, తేదీ చూపించదు. హెచ్‌ఎంటీ వాళ్ళు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు, జనతా లోపలి మెషీన్‌కి మూలం కూడా సిటిజన్‌దే. అందుకే అంత గట్టిది.

బీరువాలోంచి తీయగానే అందరం కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుంటాం. దయచేసి ఆ పని చేయకండి. ఏళ్ళ తరబడి వాడని వాచీలో నూనె ఎండి జిగురులా అయిపోతుంది, అలాగే నడిపిస్తే చక్రాల ఇరుసులు అరిగిపోతాయి. ముందు సర్వీసింగ్, తర్వాతే కీ.

ఆ సర్వీసింగ్ ఎక్కడ చేయించాలన్నదే అసలు టెన్షన్. మాల్‌లో ఓ పెద్ద షాపువాళ్ళు మెషీన్ తీసేసి బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ మెషీన్ వేస్తాం, కొత్త డయల్ కూడా ఇస్తాం అన్నారు. నాకు ఒళ్ళు మండింది! మెషీనూ డయలూ పోయాక ఇక నాన్నగారి వాచీ ఏది? చివరికి కోఠీలో ఒక చిన్న కొట్టులో ఇచ్చాను. ఆ పెద్దాయన కంటికి లెన్స్ తగిలించుకుని, నా ముందే వెనక మూత తీసి, మెషీన్ మీద చెక్కిన అక్షరాలు చూపించి ఒరిజినలే అన్నారు. 17 జ్యూయల్స్ అంటే ఏమిటో కూడా అప్పుడే చూశాను, ఇరుసులు తిరిగేచోట రాపిడి తగ్గడానికి బిగించిన చిన్న చిన్న ఎర్ర రాళ్ళు అవి. అన్నీ విప్పి, కడిగి, సూది మొనతో ఒక్కో ఇరుసుకీ నూనె పెట్టి ఇచ్చారు. గ్లాసు ప్లాస్టిక్‌దే కాబట్టి పాలిష్‌తో గీతలు పోయాయి.

డయల్ అంచున పసుపు మచ్చలున్నాయి, వాటిని అలాగే ఉంచమన్నాను. ఆన్‌లైన్‌లో రంగురంగుల డయళ్ళతో మెరిసిపోయే పాత హెచ్‌ఎంటీల్లో చాలావరకు మళ్ళీ పెయింట్ వేసినవే. అక్షరాలు మందంగా అలుక్కుపోయి, నిమిషాల గీతలు ముళ్ళకి సరిగ్గా కలవకపోతే అనుమానించండి.

ఇప్పుడు రోజూ పొద్దున స్నానం అయ్యాక కీ ఇస్తున్నాను, బిగుసుకోగానే ఆపేస్తాను. రోజుకి అర నిమిషం అటూఇటూ అవుతుంది, ఈ వయసు వాచీకి అది చాలా మంచి లెక్క. సెకనుకి ఐదుసార్లు కొట్టుకుంటుంది, రాత్రి గదిలో ఫ్యాన్ ఆపితే స్పష్టంగా వినిపిస్తుంది.

నీళ్ళు మాత్రం అస్సలు పడవు, వానలో తీసి జేబులో పెట్టుకోవాల్సిందే. స్పీకర్లు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ల పక్కన పెట్టకండి, టైము ఒక్కసారిగా ముందుకి పరిగెడుతుంది. ఇంకో మాట, హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం 2016లోనే ఓకే చెప్పేసింది, పార్టులు పాత స్టాకులోంచో వేరే వాచీల్లోంచో రావాలి. కాబట్టి ఏది మార్చినా తీసేసిన పాత పార్టుని అడిగి తెచ్చుకోండి.