లూప్‌లు నేర్చుకునేవారికి టర్బో సి: నీలి తెరతో రెండు వారాలు

మా పెదనాన్నగారి మనవరాలు ఈ ఏడాది డిప్లొమాలో చేరింది. కళాశాల ల్యాబ్‌లో వాడేదే ఇంట్లోనూ కావాలని ఆమె పట్టుబట్టడంతో, చాలా ఏళ్ల తరువాత సి, సి++ ప్రోగ్రాములు రాసి నడిపే టర్బో సి++ 3.0ను మళ్లీ నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకొని, రెండు వారాల పాటు దానిమీదే ఆమెకు లూప్‌లు (షరతు నిలిచినంతసేపు ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) చెప్పాను. బోర్లాండ్ సంస్థ 1987లో మొదలుపెట్టిన టర్బో సి వరుసకు చెందిన ఈ కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము) పాత డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ కాలానిది కాబట్టి, 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవదు, డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ అవసరం. అయితే టర్బో సిలో ప్రోగ్రాము నడపడానికి నొక్కే కంట్రోల్, ఎఫ్9 మీటలే డాస్‌బాక్స్‌ను ఉన్నపళంగా మూసివేసే మీటలు కూడా. ఆ మీటల కేటాయింపు మార్చుకోని పక్షంలో రన్ మెనూలోంచే నడపాలి, అంతకు ముందే ఎఫ్2తో సేవ్ చేసుకోవాలి.

ఇంత తిప్పలు పడినందుకు దక్కే ఫలం దాని డీబగ్గర్, అంటే ప్రోగ్రామును ఒక్కో వరుస చొప్పున నడిపి చూపే సాధనం. ఏడో ఎక్కం రాయించి, ఐ అనే చలరాశిని వాచ్ కిటికీలో (చలరాశి ప్రస్తుత విలువ చూపే చోటు) పెట్టి, ఎఫ్8 నొక్కుతూ పోతే ఒక్కో వరుస వెలుగుతుంది, ఐ విలువ కళ్ల ముందే మారుతుంది. సిలో లూప్ రాసే రెండు పద్ధతులైన ఫర్, వైల్‌లలో దీనికి వైలే మేలు. ఫర్‌లో మొదలు, షరతు, పెంపు మూడూ ఒకే వరుసలో ఉంటాయి. డీబగ్గర్ వరుసల లెక్కన నడుస్తుంది కనుక పెంచడం ఎప్పుడు జరిగిందో, షరతు చూడడం ఎప్పుడు జరిగిందో విడిగా కనబడదు. వైల్‌లో ఆ మూడూ మూడు వరుసల్లో ఉంటాయి. పది వరకు ఎక్కం ముగిశాక ఐ విలువ 11గా కనబడినప్పుడు ఆ అమ్మాయి తప్పు జరిగిందనుకుంది. పదకొండుకు చేరితేనే షరతు విఫలమవుతుందని, అలా విఫలమైతేనే లూప్ ఆగుతుందని నల్లబల్ల మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క అంకెతో ఎక్కింది.

మరునాడు ఆమె ఫర్ కుండలీకరణం ముగిసిన వెంటనే సెమికోలన్ పెట్టింది (పెట్టనివారెవరు!). తెరమీద ఎక్కం మొత్తానికి బదులు ‘7 x 11 = 77’ అనే ఒక్క వరుసే వచ్చింది. ముందురోజు 11ను చూసి ఉండడంతో, లూప్ ఖాళీగా పదిసార్లు తిరిగేసిందని ఆమే కనిపెట్టింది.

టర్బో సి లోపాలు కూడా లూప్‌లలోనే బయటపడతాయి. ఇందులో ఇంట్ (పూర్ణాంకాలు దాచే చలరాశి రకం) పరిమాణం రెండు బైట్లే కాబట్టి గరిష్ఠ విలువ 32,767. ఒకటి నుంచి ఆ సంఖ్య వరకు అన్నిటినీ గుణించే ఫ్యాక్టోరియల్ లూప్ ఏడు వరకు సరిగానే 5,040 ఇచ్చి, ఎనిమిదికి 40,320 బదులు -25,216 చూపిస్తుంది. ఐ 40,000 వరకు తిరగాలని రాస్తే, అది 32,767 దాటగానే రుణసంఖ్యల్లోకి జారి, మళ్లీ పైకి వచ్చి, ఎప్పటికీ ఆగదు. నాలుగు బైట్ల ఇంట్ ఉండే నేటి కంపైలర్ జీసీసీలో ఫ్యాక్టోరియల్ 12 వరకు సరిగా వస్తుంది, 13 దగ్గర అక్కడా ఇదే గొడవ. పరిమితి దూరం జరిగిందే తప్ప పోలేదు.

వీటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది దీనివల్ల పడే అలవాటు. కొత్త ఫైలు పేరు చివర ఇది సి++కు గుర్తయిన సీపీపీ (.cpp) పొడిగింపే ఇస్తుంది కాబట్టి, సి అనుకొని రాసేది సి++గా కంపైల్ అవుతుంది. ఫర్ లోపలే ఇంట్ ఐ అని ప్రకటించినా లూప్ బయట కూడా ఐ బతికే ఉంటుంది. అదే ఫంక్షన్‌లో రెండో ఫర్‌లో మళ్లీ ప్రకటిస్తే, ఒకే పేరును రెండుసార్లు ప్రకటించారని దోషం చూపుతుంది. నేటి ప్రమాణం ప్రకారం ఇదంతా తలకిందులు: లూప్‌తోపాటే ఐ ముగిసిపోవాలి, రెండో లూప్‌లో మళ్లీ ప్రకటించుకోవచ్చు.

కళాశాల ల్యాబ్ పరీక్ష దీనిమీదే ఉన్నవారు దీన్ని ఉంచుకోక తప్పదు. మిగిలినవారికి నా సలహా ఉచితంగా దొరికే కోడ్‌బ్లాక్స్ (కోడ్ రాసి నడిపే ప్రోగ్రాము), జీసీసీ జోడీ. అందులోనూ వాచ్ కిటికీ ఉంది, కాకపోతే విడి ఫైలుగా తెరిస్తే డీబగ్గర్ పనిచేయదు, ప్రాజెక్టుగా సృష్టించుకోవాలి. మూడో వారం నుంచి మేమూ అందులోకే మారాం. ప్రస్తుతం లూప్ లోపల లూప్ రాస్తూ, వాటి చలరాశులు ఐ, జె రెండింటినీ వాచ్‌లో పెట్టుకొని, నక్షత్రపు గుర్తులతో త్రిభుజం అచ్చువేయడం దగ్గర ఉన్నాం.