ఇల్లు పిల్లల పేరున: గిఫ్ట్ డీడా, వీలునామానా?

ట్రాన్స్‌ఫర్ అంటే టీచరుకు ఊరు మారడం, బ్యాంకులో డబ్బు పంపడం. రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం ఆస్తి చేతులు మారడం. స్వార్జితం సంగతే చెబుతున్నాను, పిత్రార్జితం లెక్క వేరు.

ఎప్పుడు: గిఫ్ట్ డీడ్‌తో హక్కు ఇవాళే పోతుంది. వీలునామా రాసినవారు పోయాకే పనిచేస్తుంది.

ఖర్చు: గిఫ్ట్‌కు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ తప్పవు. వీలునామాకు తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది.

రిస్క్: అసలు తలనొప్పి ఇక్కడే. గిఫ్ట్ ఇచ్చాక మనసు మారినా వెనక్కి తీసుకోవడం కష్టం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ఒక దారి చూపింది: చూసుకోవాలనే షరతుతో ఇచ్చి, పిల్లలు చూడకపోతే ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. ఆ షరతు దస్తావేజులోనే రాయించండి. కొడుకు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, కాకపోతే తర్వాత వారసులు కోర్టుకెక్కొచ్చు.

ఉన్నది ఒక్క ఇల్లే, అందులోనే ఉంటున్నారా? వీలునామా రాయండి. పింఛనో అద్దెలో వస్తూ, పంపకాల గొడవ కళ్లముందే తేల్చాలంటే గిఫ్ట్ డీడ్.