పెళ్ళి పనులకు యాప్‌లు: రెండు పెళ్ళిళ్ళు చేశాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళను ఒడ్డెక్కించింది పెళ్ళిళ్ళ కోసమే తయారైన యాప్ కాదు, ఆఫీసుల్లో లెక్కలు రాసుకునే గూగుల్ షీట్స్. దానికి తోడు వాట్సాప్, మ్యాప్, ఒక పంచాంగం యాప్. వీటిలో దేనికీ రూపాయి కట్టలేదు. చెల్లి పెళ్ళికి మొదలుపెట్టిన షీటునే పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళికీ వాడాం. ఇప్పుడది పిన్ని కూతురి పెళ్ళికి వెళ్తోంది. ఇన్నాళ్ళు వాడాక ఏది పనికొచ్చిందో, ఏది చుట్టాల మధ్య మాట తెచ్చిందో రాస్తున్నాను.

మాది కోనసీమలో రాజోలు పక్కన పల్లె. అమ్మానాన్న, మామ్మ ఊళ్ళోనే ఉంటారు. నేను హైదరాబాద్‌లో, బాబాయి కాకినాడలో, మేనత్త పాలకొల్లులో, అన్నయ్య డాలస్‌లో. చెల్లి అత్తవారిది భీమవరం. ఒకప్పుడు పెళ్ళి నెల ఉందనగానే అందరూ ఇంటికి చేరి, అరుగు మీద కూర్చుని పనులు పంచుకునేవారు. ఇప్పుడు అందరూ చేరేది పెళ్ళికి రెండు రోజుల ముందు. పని మాత్రం ఏమీ తగ్గలేదు. తలో ఊళ్ళో ఉన్నవాళ్ళు ఒకే కాగితం మీద రాసుకునే వీలు లేకపోతే ప్రతి విషయమూ అమ్మ ఫోను మీదే పడుతుంది.

మొదట అందరిలాగే మేమూ ఒక పెళ్ళి ప్రణాళిక యాప్ పెట్టుకున్నాం. పనుల జాబితా సిద్ధంగానే ఇచ్చింది: సంగీత్, మెహందీ, కేకు, పెళ్ళికూతురి స్నేహితురాళ్ళ విందు. పందిరి రాట లేదు, స్నాతకం లేదు, విడిది లేదు, సారె ఊసే లేదు. అవి మనం చేర్చుకోవచ్చు, ఫరవాలేదు. నంబరు ఇచ్చిన మర్నాటి నుంచి మేకప్ వాళ్ళూ ఫొటోలవాళ్ళూ వరసగా ఫోన్లు చేయడాన్నీ భరించవచ్చు. అసలు చిక్కు అతిథుల పట్టికలో వచ్చింది. ఆ యాప్ దృష్టిలో అతిథి అంటే ఒక మనిషి: పేరు, ఈమెయిల్, వస్తారా రారా. మా వైపు పెళ్ళికి మనిషిని పిలవరు, ఇంటిని పిలుస్తారు. ఇంటిల్లిపాదీ రావాలని చెబుతారు. ఎంతమంది వస్తారో వాళ్ళూ చెప్పరు, మనమూ అడగం. ఆ ప్రశ్న ఒకసారి బాబాయి కొడుకు నోట వచ్చింది. "రమ్మని పిలిచి, వస్తావా అని అడుగుతారట్రా!" అని మామ్మ మండిపడింది.

పిలుపులోనూ తరగతులున్నాయి. ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవాల్సినవాళ్ళు వేరు, శుభలేఖ అందితే చాలనుకునేవాళ్ళు వేరు, ఫోను చేస్తేనే సంతోషించేవాళ్ళు వేరు. బొట్టు పెట్టాల్సిన ఇంటికి ఫోనుతో సరిపెడితే ఆ మాట తర్వాతి తరం పెళ్ళి దాకా నిలుస్తుంది. ఎవరు వెళ్ళాలన్నది ఇంకో లెక్క. మేనత్త అత్తవారిని మేనత్త పిలిస్తే చెల్లదు, నాన్న వెళ్ళాలి. ఇవి రాసుకునే గడి ఆ యాప్‌లో లేదు.

ఖాళీ షీటులో ఉన్న గొప్పతనం ఏమిటంటే, పెళ్ళంటే ఏమిటో దానికి తెలియదు. మనం ఏది రాస్తే అదే పెళ్ళి. ఒక్కో ఇంటికి ఒక్కో అడ్డు వరస ఇచ్చాం. ఊరు, ఇంటిపేరు, ఇంటి పెద్ద, వీధి గుర్తు, ఫోను, పిలుపు తీరు, ఎవరు వెళ్ళాలి, పిలిచామా, ఎందరు రావచ్చు, విడిది కావాలా: ఇవి నిలువు వరసలు. పిలుపు తీరుకు డ్రాప్‌డౌన్ (నొక్కితే తెరుచుకునే జాబితా) పెట్టి బొట్టు, శుభలేఖ, ఫోను అని మూడే మాటలు ఉంచాం. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే తర్వాత వెతకడం కష్టం.

పేర్లకు ఆధారం మేనత్త పెళ్ళినాటి చదివింపుల పుస్తకం. మామ్మ పెట్టెలో భద్రంగా ఉంది. ఎవరు, ఏ ఊరు, ఎంత చదివించారు అన్నీ అందులో ఉన్నాయి. మామ్మ ఒక్కో పేరూ చదివి, ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో చెబుతుంటే నేను ఫోనులో మాటతోనే టైపు చేశాను. తెలుగు మాటను ఫోను బాగానే పట్టుకుంది. ఇంటిపేర్ల దగ్గర మాత్రం చేత్తో దిద్దాల్సి వచ్చింది. పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాయాలని గట్టిగా చెబుతాను. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే ఒక్క సుబ్బారావుగారే మూడు వరసల్లో కనిపిస్తారు. పోలికకు పేరు కన్నా ఫోను నంబరు నమ్మకం. నంబర్ల నిలువు వరసకు కౌంట్‌ఇఫ్ (ఒకే నంబరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టే) సూత్రంతో రంగు పెడితే, రెండుసార్లు ఎక్కిన ఇల్లు వెంటనే బయటపడుతుంది. అంతకన్నా ముందు ఆ వరసను ప్లెయిన్ టెక్స్ట్‌గా, అంటే లెక్కలు కాని ఉత్త రాతగా, మార్చాలి. లేకపోతే ల్యాండ్‌లైన్ నంబర్ల ముందున్న సున్నా ఎగిరిపోతుంది, ప్లస్ గుర్తుతో మొదలయ్యే విదేశీ నంబర్లను షీటు కూడికలనుకుంటుంది.

ఇక గొడవ సంగతి. ఒక రోజు మేనత్త అమ్మకు ఫోను చేసి, "మా పాలకొల్లు వాళ్ళ పేర్లన్నీ తీసేశారేమిటి వదినా?" అంది. ఎవరూ తీయలేదు. అమలాపురం పిలుపుల కోసం బాబాయి కొడుకు మిగతా ఊళ్ళు కనిపించకుండా ఫిల్టర్ పెట్టి, అలాగే వదిలేశాడు. మామూలు ఫిల్టర్ ఒకరు పెడితే షీటు తెరిచిన అందరికీ అదే కనిపిస్తుంది. పెట్టినవాళ్ళకు మాత్రమే కనిపించాలంటే ఫిల్టర్ వ్యూ అని వేరుగా ఉంది, అది వాడాలి. ఇది తెలియని ఇంట్లో పెళ్ళి పట్టిక పెట్టడం ప్రమాదం. ఆ అబ్బాయే ఇంకోసారి ఇంటి పెద్దల పేర్లను మాత్రం ఎంచుకుని అక్షరక్రమంలో పెట్టాడు. పేర్లు కదిలాయి, ఫోన్లూ వీధులూ కదల్లేదు. కంప్యూటర్‌లో వెర్షన్ హిస్టరీ (పాత మార్పుల చరిత్ర) తెరిచి ముందురోజు రూపానికి తిప్పడంతో సరిపోయింది. ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో కూడా అందులో పేరుతో సహా ఉంటుంది. పెద్దవాళ్ళకు ఈ సంగతి చెప్పకపోవడమే మంచిది.

అమ్మానాన్న షీటును ఫోనులో చూస్తారు, రాయరు. అది నేర్పించాలని పట్టుబట్టడం అనవసరం. ఊరువారీగా అచ్చు తీసిన కాగితాలు నాన్న జేబులో ఉండేవి. మొదటి శుభలేఖ అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దగ్గర పెట్టి, అక్కడి నుంచి సఖినేటిపల్లి, మలికిపురం చూసుకుంటూ వచ్చేవారు. పిలిచిన ఇంటికి పెన్నుతో టిక్కు. రాత్రికి ఆ కాగితం ఫొటో నాకు వస్తే షీటులో ఎక్కించేదాన్ని. ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

కాగితం ఉండాలనడానికి ఇంకో కారణమూ ఉంది. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో కొన్ని రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళ అవస్థ ఇక్కడివాళ్ళెవరూ మరచిపోలేదు. షీట్స్ ఇంటర్నెట్ లేకుండానూ పనిచేస్తుంది, కానీ ఆ ఫైలును ఆఫ్‌లైన్‌లో ఉంచమని ముందుగా చెప్పి ఉండాలి. ఇంటర్నెట్ పోయాక చెబితే వినదు.

వియ్యాలవారితో పంచుకోవడం అన్నిటికన్నా సున్నితమైన పని. పెళ్ళికొడుకు తనూ చూస్తానని మర్యాదగానే అడిగారు. నాన్న మొహం మారిపోయింది, "మన లెక్కలు వాళ్ళకెందుకు?" అని. నిజమే. ఖర్చుల పేజీని దాచిపెట్టి ఫైలు పంపితే సరిపోదు. మార్చే అధికారం ఉన్నవాళ్ళెవరైనా దాచిన పేజీని పైకి తేవచ్చు. అందుకని ఖర్చులు వేరే ఫైలు, నాన్న, బాబాయి, నేను మాత్రమే. రెండు వైపులకూ కలిపి మూడో ఫైలు పెట్టాం. అందులో బస్సు ఎప్పుడు బయలుదేరుతుంది, విడిదిలో ఏ గది ఎవరికి, ఎదురుసన్నాహం ఎన్నింటికి, పొద్దున కాఫీలు ఎందరికి, ఇవే. చెల్లీ పెళ్ళికొడుకూ ఎక్కువగా మాట్లాడుకున్నది ఈ ఫైలు కామెంట్లలోనే అని తర్వాత తెలిసింది. గదుల కేటాయింపు పక్కన అంత పెద్ద సంభాషణ ఎందుకుందో నేను చదవలేదు.

వాట్సాప్ కబుర్లకు మంచిది, నిర్ణయాలకు కాదు. పొద్దున తేల్చిన విషయం సాయంత్రానికి శుభోదయం బొమ్మల కింద పడిపోతుంది. వంటకాలకు పోల్ పెట్టి చూశాం. ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది కదా, పెదనాన్న పనసపొట్టు కూరకు ఓటేయగానే గుత్తివంకాయ పని అయిపోయింది. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో (ఒకేసారి చాలామందికి విడివిడిగా చేరేలా) శుభలేఖ బొమ్మ పంపేవాళ్ళకు ఒక మాట: మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకే అది చేరుతుంది. ఆఫీసు స్నేహితులకు సరే, నాన్నకు తప్ప మనకు తెలియని చుట్టాలకు చేరదు.

శుభలేఖ అచ్చు దగ్గర సాంకేతికత వెనక్కి నడుస్తుంది. చాలా ప్రెస్సుల్లో ఇంకా యూనికోడ్ (ఇప్పటి ఫోన్లన్నీ వాడే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్లే. మనం వాట్సాప్‌లో పంపిన తెలుగు అక్కడ అతికిస్తే పిచ్చిగీతలవుతుంది, అందుకని వాళ్ళు మళ్ళీ కొడతారు. కొట్టేటప్పుడు వత్తులు జారతాయి. ప్రూఫు చూడకుండా ఒప్పుకోవద్దు.

ముహూర్తం సిద్ధాంతిగారిదే, అందులో యాప్‌కు చోటు లేదు. పంచాంగం యాప్ మాకు పనికొచ్చింది మూఢాలూ ఆషాఢమూ ఎప్పుడొస్తున్నాయో చూసి కళ్యాణమండపం వాకబు చేయడానికి, బయలుదేరే వేళ చూసుకోవడానికి. యాప్‌లో ఊరు సరిగా పెట్టుకోవాలి. రాజోలులో సూర్యోదయం హైదరాబాద్ కన్నా పది నిమిషాలకు పైగా ముందే అవుతుంది, రాహుకాలమూ దుర్ముహూర్తమూ దాన్ని బట్టే జరుగుతాయి.

తేదీ దగ్గర ఇంకో మెలిక. చెల్లి లగ్నం శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం, 2 గంటల 14 నిమిషాలకు. మనకు అది శనివారం రాత్రి పెళ్ళి. ఫోను క్యాలెండర్‌కు అది ఆదివారం. ఫొటోలవాళ్ళకూ బస్సువాళ్ళకూ "ఆదివారం రెండింటికి" అని ఉత్త క్యాలెండర్ పిలుపు పంపితే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి దిగుతారు. రాకపోకల వేళలు మాటల్లో విడిగా రాయాలి. డాలస్‌లో అన్నయ్యకు మాత్రం ఆ క్యాలెండరే సాయం చేసింది: వాళ్ళకు వేసవిలో శనివారం మధ్యాహ్నం 3.44 అని తనే లెక్క కట్టి చూపించింది. ప్రత్యక్ష ప్రసారం అనుకునేవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి: జూమ్ ఉచిత సమావేశం 40 నిమిషాలకు ఆగుతుంది, జీలకర్ర బెల్లం దాకా రాకపోవచ్చు. యూట్యూబ్‌లో ఫోను నుంచి ప్రసారం చేయాలంటే ఛానల్‌కు కనీసం 50 మంది చందాదారులుండాలి, మొదటిసారి అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు.

మ్యాప్ గురించి రెండు మాటలు. కొబ్బరితోటల మధ్య ఇళ్ళకు తలుపు నంబరుతో పనిలేదు, "లాకుల దగ్గర దిగి, కాలవ గట్టున రామాలయం దాటాక" అనేదే చిరునామా. పిలవడానికి వెళ్ళినప్పుడే ప్రతి గుమ్మం ముందూ లొకేషన్ దాచి షీటులో అతికించాం. రెండో పెళ్ళికి డ్రైవరును ఒక్కణ్నే పంపి పోచంపల్లి చీరలూ లడ్డూ పొట్లాలూ చేర్చగలిగామంటే అందువల్లే. కానీ పెళ్ళి బస్సును మ్యాప్‌కు అప్పగించకూడదు. భీమవరం నుంచి మాకు దగ్గర దారిగా నరసాపురం మీదుగా రేవు చూపించింది. పంటు (బల్లకట్టు) మీద ప్రయాణం బాగుంటుంది కానీ, మగపెళ్ళివారి బస్సుకు కాదు. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి దిండి మీదుగా రమ్మని డ్రైవరుకు ఫోనులో చెప్పి, అదే దారిని ఉమ్మడి ఫైలులో పెట్టాం.

వంటవాళ్ళు అడిగేది ఒక్కటే: ఎంతమందికి? మొదటి పెళ్ళికి ఉజ్జాయింపుగా చెప్పాం. పక్క ఊళ్ళ అంచనా చాల్లేదు, చివరి బంతికి బూరెలు తగ్గాయి. హైదరాబాద్ అంచనా మిగిలింది. తర్వాత ఒక పని చేశాం. ఆ పెళ్ళి చదివింపుల పుస్తకాన్ని షీటులోకి ఎక్కించి, చదివించిన ప్రతి ఇంటికీ "వచ్చారు" అని గుర్తు పెట్టాం. హాజరు పట్టీ మనం అడగకుండానే మనకు దొరికినట్టయింది. రెండో పెళ్ళికి ఊరువారీ అంచనా దీన్ని చూసి వేస్తే వంట మేస్త్రికి చెప్పిన లెక్క బాగా దగ్గరపడింది. చదివింపుల బల్ల దగ్గర మాత్రం పుస్తకమూ పెన్నూ ఉండాలి. తన పేరు రాస్తుండగా చూడాలని ప్రతివారికీ ఉంటుంది, ఫోనులో కొడుతుంటే మాట్లాడుతూ ఆడుకుంటున్నారనుకుంటారు.

ఇప్పుడు పిన్నికి ఫైలు ఇవ్వాలి. అసలుదే పంచుకోకుండా ప్రతి తీసి ఇచ్చాను. ప్రతితో పాత మార్పుల చరిత్ర వెళ్ళదు కాబట్టి ఎవరు ఎవరి పేరు కొట్టేశారన్న గొడవ ఉండదు. ఇచ్చేముందు చదివింపుల మొత్తాల వరస తీసేసి, "వచ్చారు" గుర్తులు ఉంచాను. పిన్ని ఆ రాత్రే ఫోను చేసి, మిగతావన్నీ బాగున్నాయి, ఆ వరస ఏదీ అని అడిగింది. పెట్టె మామ్మ దగ్గరుంది, వెళ్ళి అడుగు అన్నాను.