ముక్కు స్క్లీరోమాకు చికిత్స: ఒక చెవి, ముక్కు, గొంతు విభాగంపై సమీక్ష

మా అన్నయ్యకు ఎడతెగని ముక్కుదిబ్బడ, పొక్కులు, అప్పుడప్పుడు రక్తస్రావం ఉండగా, ముందు చూసినవారు అలర్జీ అని స్ప్రేలతో సరిపెట్టారు. ఈ విభాగపు వైద్యురాలు మాత్రం ఎండోస్కోపీలో గట్టి గడ్డలు కనిపించగానే చిన్న ముక్క తీసి బయాప్సీకి, సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్‌కు పంపారు. క్షయ, కుష్ఠు, ఫంగస్ వ్యాధులు, రక్తనాళాల వాపు కూడా ఇలాగే కనిపించవచ్చు కనుక, వాటిని ఒక్కొక్కటిగా తోసిపుచ్చాకే 1870లో వియన్నా చర్మవ్యాధి వైద్యుడు హెబ్రా వర్ణించిన రైనోస్క్లీరోమా (ముక్కు స్క్లీరోమా; బాక్టీరియా వల్ల ముక్కులో గట్టి గడ్డలు కట్టే దీర్ఘకాలిక జబ్బు) అని నిర్ధారించారు. కల్చర్‌లో ఈ జబ్బు కలిగించే క్లెబ్సియెల్లా బాక్టీరియా పెరగకపోయినా, బయాప్సీలో మికులిచ్ కణాలు (ఆ బాక్టీరియాను మింగి ఉబ్బిన పెద్ద రక్షణ కణాలు) స్పష్టంగా ఉండటమే బలమైన ఆధారమని ఓపికగా వివరించారు. వ్యాధి స్వరపేటిక కిందికి పాకి శ్వాసనాళాన్ని ఇరుకు చేయగలదని గొంతును కూడా పరీక్షించడం నాకు అన్నిటికంటే నచ్చింది. చాలాచోట్ల ముక్కుతోనే ఆగిపోతారు.

సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను నెలల తరబడి వాడాలని, మచ్చకట్టి మూసుకుపోయిన దారిని మాత్రమే శస్త్రచికిత్సతో తెరవాలని చెప్పారు. బయాప్సీ నివేదిక ఆలస్యం, ఫోనుకు జవాబు లేకపోవడం లోపాలే. తిరగబెట్టే గుణమున్న జబ్బు కాబట్టి, మందు ఆపాక కూడా ఎండోస్కోపీకి రమ్మని తేదీలు ముందే రాసిచ్చారు.