ముఖానికి రంగా, ఒంటికి బట్టా? కెమెరా కళ్లుగప్పడానికి ఏది మేలు?

ముందు రంగు సంగతి. ఆడమ్ హార్వే అనే కళాకారుడు 2010లో న్యూయార్క్‌లో, కెమెరా వెనకున్న సాఫ్ట్‌వేర్ ముఖాన్ని పట్టలేకుండా చేసే అలంకరణ ఒకటి చేశాడు, పేరు సీవీ డాజిల్. అప్పట్లో ముఖాలను పట్టడానికి బాగా వాడిన వయోలా-జోన్స్ పద్ధతి వెలుగునీడల లెక్క మీద నడిచేది: కళ్ల దగ్గర నీడ, బుగ్గల మీద వెలుగు, రెండు కళ్ల మధ్య ముక్కుదూలం కాస్త తెల్లగా. ఆ లెక్క చెడితే దానికి ముఖమే కనపడదు. అందుకే జుట్టును ముక్కుదూలం మీదుగా ఒక కన్ను మూసేలా జార్చి, రెండు బుగ్గలకూ పోలిక కుదరకుండా నల్ల, తెల్ల పట్టీలు దిద్దాడు. పసిపిల్లల బుగ్గన పెట్టే దిష్టిచుక్క చేసే పని ఇదే.

2017లో హైఫెన్-ల్యాబ్స్‌తో కలిసి అతనే చేసిన హైపర్‌ఫేస్ మాత్రం దిష్టిబొమ్మ. మన ముఖాన్ని దాచదు, బట్ట నిండా కళ్లూ నోళ్లూ అనిపించే గళ్లు అచ్చేసి, కెమెరా చూపును ఆ దొంగముఖాల మీదికి లాగుతుంది.

ఇక ఇటలీలో రాకేలే దిదేరో మొదలుపెట్టిన క్యాపేబుల్ స్వెటర్లు. నమూనా అల్లికలోనే ఉంటుంది, వేసుకున్న మనిషిని చూసి, బొమ్మలో ఏదేమిటో గుర్తుపట్టే యోలో అనే సాఫ్ట్‌వేర్ జిరాఫీ అనో కుక్క అనో పొరపడుతుంది.

రోజూ వేసుకోవడానికైతే స్వెటరే, సందేహం లేదు. కానీ అది మనిషి ఆకారాన్ని పోల్చుకోనివ్వదంతే, ముఖం బయటే ఉంటుంది, ముఖాన్ని సరిపోల్చే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి ఉంటే స్వెటర్ ఏం చేయలేదు. రంగుకీ కాలం చెల్లింది, బోలెడన్ని ఫొటోలు చూసి నేర్చుకున్న ఇప్పటి సాఫ్ట్‌వేర్లు (న్యూరల్ నెట్‌వర్క్‌లు) సగం ముఖం కనిపించినా పట్టేస్తాయి, పైగా వీధిలో అందరూ మనవైపే చూస్తారు.

అయినా నా ఓటు రంగుకే, అందరూ చూస్తారు కాబట్టే. లండన్ కింగ్స్ క్రాస్‌లో ముఖాలను గుర్తించే కెమెరాలు పెట్టారని 2019లో బయటపడ్డాక, నలుగురు కళాకారులు డాజిల్ క్లబ్ పెట్టి, ముఖాలకు రంగులు పూసుకుని నెలనెలా జనంతో కలిసి మౌనంగా నడిచారు. ఎవరికి వారు కొనుక్కునే స్వెటర్‌తో ఆ నడక రాదు.

మనకూ అదే కావాలి. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్‌లో పోలీసులు ఒకాయన్ని ఆపి మాస్క్ తీయమన్నారు, తీయనంటే అలాగే ఫొటో తీసుకున్నారని చెప్తూ, పోలీసులు ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ వాడటం మీద ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డ పోలీసు ముందు ఏ స్వెటర్ పనిచేస్తుంది?