తొలిసారి రంగు పూసుకునేవారికి ఏది మేలు: పద్యనాటకమా, పరిషత్తు నాటికా?

గుంటూరులో గానీ విజయవాడలో గానీ మొదటిసారి నాటకం వేయాలని మనసుపడ్డవారికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి పద్యనాటకం. రెండోది పరిషత్తులనే నాటక సంస్థలు నడిపే పోటీలకు వెళ్లే సాంఘిక నాటిక. పాడనక్కర్లేదు కాబట్టి నాటికే సులువని అందరూ అంటారు. నేనూ అలా అనుకునే నాటికలో చేరాను. అది సులువేమీ కాదు. అయినా తొలి అడుగుకు నాటికే మేలని గట్టిగా చెబుతాను.

నిజానికి పద్యనాటకంలో నటుడికి పెద్ద అండ ఉంది. తర్వాతి మాట తట్టకపోతే యతి, ప్రాస దాన్ని గుర్తుచేస్తాయి. గొంతు తడబడితే హార్మోనియం శ్రుతి ఆదుకుంటుంది. కథ ప్రేక్షకులకు ముందే తెలుసు. అయితే మన వైపు పద్యాలు కూడా వారికి తెలుసు! తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు కంఠస్థమైనవారు ముందు వరుసలోనే కూర్చుంటారు. వేదిక మీద అక్షరం జారితే, వెంట పాడుతున్న వారి పెదవులు ఠక్కున ఆగిపోతాయి.

నా అభ్యంతరం మాత్రం అది కాదు. పద్యనాటకంలో పెద్ద నటులు తమ పాత్రను ఏళ్ల తరబడి ఆడినవారు. తలా ఒక ఊరి నుంచి వచ్చి, మేకప్ గదిలో కలుసుకుని, నేరుగా తెరముందుకు వెళ్లగలరు. కలిసి సాధన చేయవలసిన అవసరం వారికి అంతగా ఉండదు. కొత్తగా వచ్చినవాడికి సాత్యకి వేషం ఇస్తారు. కిరీటం, భుజకీర్తులు మోస్తూ కృష్ణుడి పక్కన నిలబడాలి. గొప్ప పద్యాన్ని అంత దగ్గరగా వినడం భాగ్యమే. కానీ అతని చేయి పట్టుకుని నేర్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

నాటికలో సాధనే ప్రధానం. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటి నుంచి ఈ నేల పరిషత్తు పోటీలను ఆదరిస్తూనే ఉంది. మా బృందం నెలన్నర పాటు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక బడి గదిలో కలిసేది. మొదట చదవడం, తర్వాత కదలికలు, ఆ తర్వాతే భావం. నాది పదకొండు మాటల తమ్ముడి పాత్ర. ఒక రాత్రి నడుమ ఒక మాట వదిలేశాను. ఆ మాట విని లోపలికి రావలసిన వదిన పాత్రధారిణి వేదిక పక్కన వింగ్‌లోనే ఉండిపోయారు. అన్న పాత్రధారి కంగారు పడకుండా, “ఇంతకీ వదినకు చెప్పావా?” అని అప్పటికప్పుడు అడిగి నన్ను దారిలో పెట్టారు. నా వంతు కోసం కాచుకోవడం మాని ఎదుటివారి మాట వినడం ఆ రాత్రే మొదలుపెట్టాను.

సంగీతం వచ్చినవారి సంగతి వేరు. శ్రుతి నిలిచే గొంతు ఉంటే పద్యంతోనే మొదలుపెట్టవచ్చు, అయితే వేషానికి ముందు హార్మోనిస్టు దగ్గర కొన్ని నెలలు కూర్చోవాలి. వేదికంటేనే కాళ్లు వణికేవారు ఒక నాటికకు ప్రాంప్టింగ్ చేసి, అంటే తెర వెనుక నుంచి నటులకు మాటలు అందించి చూడండి, నాటకం మొత్తం నోటికి వస్తుంది.

ఏదో ఒకటి తేల్చుకునే ముందు విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో రెండు రకాలూ చూడండి. చేరేటప్పుడు పాత్ర నిడివి కంటే ముందు ఎన్ని రిహార్సల్స్ ఉంటాయో అడగండి. నేను ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు పద్యం నేర్చుకుంటున్నాను. సాత్యకి వేషం ఇస్తే ఆనందంగా వేస్తాను.